అత్తగారి మడమ పరీక్ష

ఆ ఉదయం ఫిలిప్పీన్స్‌లోని ఇలొయిలో ఊరి సంతకు వచ్చేటప్పటికి ఎలిసియో చేతిలో ఉన్నవి రెండే: బుట్టెడు ఎండుచేపలు, జెర్లిన్ మీద కొండంత ఆశ. చేపలు ఎలాగూ అమ్ముడుపోతాయి. ఆశ సంగతే తేలాలి.

జెర్లిన్ పాలపొడి కంపెనీ డేరాలో మడమ పరీక్ష చేస్తుంది. చెప్పు విడిచి మిషనులో కాలు పెడితే ఎముక బలం చెబుతుంది. మొదటిరోజే, "నీ చేపల కంపుకి మా మిషను కూడా ముక్కు మూసుకుంటోంది!" అని ఎలిసియోతో పోట్లాడింది. మర్నాటి నుంచి అతను బుట్టను డేరాకి ఆనించే పెడుతున్నాడు.

అడ్డల్లా ఆమె తల్లి పురీతా. ముట్లు ఆగిన కొన్నేళ్ళకే మణికట్టు విరిగి, పిండికట్టుతో డేరాలో కూర్చుంటోంది. పెళ్ళి మాట ఎత్తగానే నిన్న తేల్చి చెప్పింది.

"మా అమ్మకి తుంటి, మా అక్కకి వెన్ను, నాకు ఇది. మావి ఎముకలు కావు బాబూ, రొయ్యల వడియాలు. నా మనవరాలికి మీ వైపు నుంచైనా గట్టి ఎముక రావాలి. నీ మొహం నాకెందుకు? మీ అమ్మ మడమ చూపించు!"

అందుకే ఇవాళ తల్లి సెల్యాని వెంట తెచ్చాడు. రోజూ మోసే అలవాటుకొద్దీ ఆవిడ కొడుకు చేతిలోని బుట్టను నెత్తికెత్తుకుని, అలాగే మిషనులో కాలు పెట్టింది.

"బుట్ట దించండి ఆంటీ."

"దించితే పిల్లులు ఊరుకుంటాయా?"

దించక తప్పలేదు. అంకె చూసి జెర్లిన్ కెవ్వుమంది. "ఇది పాతికేళ్ళ పిల్ల ఎముక!"

"ముహూర్తం ఎప్పుడు వదినా?" అంది పురీతా వెంటనే.

కుదిరిన బేరంలో సరుకు లోపం ఏ వర్తకుడూ చెప్పుకోడు. కానీ జెర్లిన్ అతనివైపే చూస్తూ నవ్వుతోంది.

"ఆంటీ... అమ్మ నన్ను పెంచుకుంది. కన్నది కాదు. ఆ ఎముక నాకు రాలేదు," అనేశాడు ఎలిసియో.

పురీతా ముఖం వాడిపోయింది.

"ఎముక రాకపోతేనేం? నా మొండితనం మొత్తం వీడికే వచ్చింది," అంది సెల్యా.

"అమ్మా, వంశం నుంచి వచ్చేది చాలానే. కానీ అంతా అదే కాదు, తిండీ ఉంది, బరువుల మోతా ఉంది," అంది జెర్లిన్. "అయినా నాకు ఇతని ఎముకలతో పనేంటి? ఇతనే కావాలి."

పురీతా సెల్యా బుట్టకేసి, ఆవిడ మడమకేసి మార్చి మార్చి చూసింది.

"కట్టు విప్పాక నాకూ మోయడానికి ఓ చిన్న బుట్ట ఇస్తావా వదినా?"

"ఇస్తా. కూలి మాత్రం అడక్కు."

పురీతా దీవించడానికి చెయ్యి చాచింది. ఎలిసియో వంగి, అక్కడి ఆచారం ప్రకారం ఆ చేతిని నుదుటికి ఆనించుకోబోయాడు. చాచింది కట్టున్న చెయ్యి. టక్కుమంది.

సంత ముగిసేవేళకు లెక్క తేలింది. బుట్టెడు చేపలు పిల్లులపాలు. మిగిలింది నుదుటిమీద బొప్పి, దానిమీద ఐసుముక్క అద్దుతూ నవ్వు ఆపుకోలేకపోతున్న జెర్లిన్.