పాలసీలో లేని మనిషి

నాగమల్లేశ్వరి ఆఫీసులోకి వచ్చి ఐదు నిమిషాలైనా కుర్చీలో కూర్చోలేదు. కాపెల్ ఊళ్లో ఇండియన్ గ్రోసరీ స్టోర్ పైనున్న ఆ రెండు గదుల డిటెక్టివ్ ఆఫీసుకి ఆడవాళ్లు భయపడుతూ రావడం, రాధారాణి దగ్గర పనిచేసే ప్రణవికి కొత్త కాదు. వాళ్లలో చాలామంది మొగుడి మీద అనుమానంతో వస్తారు. ఈవిడ మాత్రం మొగుడి మాట నిజమని నిరూపించమని వచ్చింది.

"ముందు కూర్చోండమ్మా. మొదట్నించీ చెప్పండి," అంది రాధారాణి.

"పదిహేను రోజులైతుంది మేడం. ఐతారం పొద్దుగాల మా ఆయన, అంజయ్య, టిఫిన్ సెంటర్‌ల పనికి నడుసుకుంట పోతుండు. రోడ్డు దాటుతుంటె కారు గుద్దింది. నడుము ఇరిగింది. కాళ్లు కదుల్తలేవు. కాలేజీ పిల్ల ఒకామె, అబిగేల్ అంట, నేనే నడిపిన అని పోలీసులకు చెప్పింది. మా ఆయనేమో మొగమనిషి అంటుండు. స్టీరింగ్ కాడికెల్లి దిగి, మీద వంగి, 'అయ్యో ప్రభువా' అన్నడంట."

"ఆ మాట ఆ కారు ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పారా?"

"చెప్పిండు. గంతే, పైసలు ఆపిన్రు. ఎవరు నడిపిన్రో తేలాల్నంట. మూడు నెలలు నడక నేర్పే ఆసుపత్రిల ఉంచితె నడుస్తడంట, లేకుంటె మంచమే అన్నడు డాక్టరు. పైసలు రాకుంటె శుక్రవారం ఇంటికి పంపిస్తమంటున్నరు. తలకు దెబ్బ తాకి ఏందేందో మాట్లాడుతుండని అందరు నవ్వుతున్నరు. ఆయన అబద్ధమాడడు మేడం. నిజం తేల్చుండ్రి, పైసలు అవే వస్తయి."

రాధారాణి కలం ఒక్క క్షణం ఆగింది. ఇరవై ఏళ్లు కారు ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, ఆ తర్వాత డిటెక్టివ్ లైసెన్స్ తీసుకున్న మనిషి. ఆమె ముందు అబద్ధాలాడటమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఆవిడకి తెలియనిది లేదని ప్రణవి గట్టి నమ్మకం. పెద్దగా ఆలోచించకుండానే కేసు ఒప్పుకునే ఆవిడ ఆ రోజెందుకో కిటికీలోంచి చాలాసేపు బయటికి చూసి, అప్పుడు సరేనంది.

గుద్దిన కారు, దెబ్బతిన్న బళ్లు ఉంచే టోయింగ్ యార్డులో ఉంది. అక్కడి మనిషి రాధారాణికి పాత పరిచయం, తలుపు తీసి వెళ్లిపోయాడు. డ్రైవర్ సీటు దగ్గర చూడ్డానికి ఏమీ లేదు. పక్కసీటు తలుపు తీయగానే పులిసిన వాసన గుప్పుమంది. కింద మ్యాట్ నిండా ఎండిపోయిన సాంబారు, కరివేపాకు, ములక్కాడ ముక్కలు. మూతలేని పెద్ద స్టీలు గిన్నె సీటు కిందికి దొర్లి ఉంది.

"పాట్‌లక్ విందుకి తీసుకెళ్తున్నట్టుంది ఆంటీ," అంది ప్రణవి ముక్కు మూసుకుని.

"మ్యాట్ ఫొటో తియ్యి. దగ్గర్నించి."

ప్రణవి తీసింది. పసుపు మరకల మధ్య రెండుచోట్ల మ్యాట్ నల్లగా, శుభ్రంగా ఉంది. అది ఆమెకి అప్పుడు వింతగా అనిపించలేదు.

అబిగేల్ వాళ్లది రెండు గదుల అద్దె ఇల్లు. వాళ్లమ్మ విమలకుమారి గుంటూరు మాటతో, గుమ్మంలోనే కాఫీ తాగుతారా అని అడిగేంత మర్యాదతో లోపలికి పిలిచింది. తండ్రి దైవాశీర్వాదం సోఫా అంచున కూర్చుని కార్పెట్ చూస్తున్నాడు. అబిగేల్ రెండు పాదాల మీదా కట్లున్నాయి.

"నాకు లైసెన్సే లేదండి," అన్నాడు దైవాశీర్వాదం, అడగకముందే. "తాగి నడిపి రెండుసార్లు దొరికాను. సస్పెండ్ చేశారు. ఉద్యోగం కూడా పోయింది. మందు మానేసి ఏడాది దాటింది. ఆ ఆదివారం జ్వరంతో ఇంట్లోనే పడుకున్నాను."

"కారులో ఎవరెవరున్నారు అబిగేల్?"

"నేను ఒక్కదాన్నే ఆంటీ. మమ్మీ చర్చ్ క్వయర్ ప్రాక్టీస్‌కి ముందే వెళ్లింది, ఫ్రెండ్ కార్‌లో."

"సాంబారు?"

"ఫ్రంట్‌లో, కింద పెట్టాను."

"కాళ్లకేమైంది?"

"హాట్ వాటర్ పడింది. కిచెన్‌లో." ఆ పిల్ల తల్లివైపు చూసింది.

రాధారాణి ఇన్సూరెన్స్ పాలసీ చూపించమంది. విమలకుమారి మొదటి పేజీ తెచ్చింది. రెండోది కూడా కావాలంటే మొహం చిన్నబోయింది, కాదనలేక తెచ్చింది. రాధారాణి చదివి, జాగ్రత్తగా మడిచి, తిరిగిచ్చేసింది.

"ఇది నేను గెలవకూడని కేసు ప్రణవీ," అంది కారెక్కాక. ఎందుకని అడిగితే కారు స్టార్ట్ చేసింది. ఆవిడ అలా మాట్లాడటం ప్రణవి ఎప్పుడూ వినలేదు. భయమేసింది.

బుధవారం మధ్యాహ్నం అందరినీ ఆఫీసుకి పిలిచింది రాధారాణి. ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లని మాత్రం పిలవలేదు. నాగమల్లేశ్వరి ఒకవైపు, ఆ ముగ్గురూ ఎదురుగా.

"సాంబారు దగ్గర మొదలుపెడతాను," అంది. "ఒంటరిగా నడిపేవాళ్లు పొగలు కక్కే గిన్నెని మూత గట్టిగా కట్టి డిక్కీలో పెట్టుకుంటారు. ఇద్దరుంటే మనవాళ్ల పద్ధతి ఒక్కటే. ఒకళ్లు నడుపుతారు, రెండోవాళ్లు ముందు సీట్లో కూర్చుని గిన్నెని పాదాల మధ్య బిగించి పట్టుకుంటారు."

ప్రణవికి అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ప్రతి పాట్‌లక్‌కీ గిన్నె పట్టుకున్నది తనే. ఎదురుగా ఉన్నది చూడలేకపోయినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"మ్యాట్ అంతా సాంబారు. రెండు పాదాలంత మేర మాత్రం చుక్క పడలేదు. బ్రేక్ కొట్టినప్పుడు అక్కడ ఎవరివో కాళ్లున్నాయి. మ్యాట్ మీద పడాల్సింది ఆ కాళ్ల మీద పడింది."

అబిగేల్ కట్లున్న పాదాల్ని కుర్చీ కిందికి లాక్కుంది.

"పక్కసీట్లో ఉన్నది అబిగేల్. మరి స్టీరింగ్ దగ్గర..."

"మీరేం మాట్లాడకండి!" విమలకుమారి భర్త చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకున్నాడు.

"నేనేనండి. ఏడాదిగా చంటిపిల్లాడిలా కూతురి పక్కన కూర్చుని చర్చికి పోతున్నా. ఆ రోజు ఈ పిల్ల గిన్నె నన్ను పట్టుకోమంది. అందరూ చూస్తుండగా సాంబారు గిన్నె పట్టుకుని దిగాలా అనిపించింది. ఒక్క మైలే కదా, నువ్వు పట్టుకో, నేను నడుపుతానన్నాను. తాగలేదండి, ప్రమాణంగా. పోలీసులు వచ్చేలోగా ఈ పిల్ల నన్ను నడిచి ఇంటికి పొమ్మంది."

నాగమల్లేశ్వరి మొహం వెలిగిపోయింది. "నేను చెప్పలే మేడం? మొగమనిషే! ఇగ పైసలిస్తరు గదా?"

రాధారాణి కళ్లజోడు తీసింది. "మీకు ముందే చెప్పాలని రెండుసార్లు ఆసుపత్రికి వచ్చానమ్మా. ఆయన పక్కన మిమ్మల్ని చూసి నోరు రాలేదు. తప్పు నాదే. లైసెన్స్ పోయినవాణ్ణి ఇంటి పాలసీలో చేరిస్తే ప్రీమియం మూడింతలవుతుంది. అది కట్టలేనివాళ్లు, ఈ మనిషి నడిపితే మీకు సంబంధం లేదని కంపెనీకి సంతకం పెట్టి ఇస్తారు. ఆ సంతకం వీళ్ల పాలసీ రెండో పేజీలో ఉంది. అబిగేల్ నడిపితే కంపెనీ ఇస్తుంది. ఈయన నడిపితే ఒక్క డాలర్ కూడా ఇవ్వదు."

"అందుకే నేను చెప్పాను," అంది అబిగేల్ ఏడుస్తూ. "డాడీ కోసమే కాదు. ఆ అంకుల్‌కి మనీ రావాలని. నాకు తెలుసు ఆ పేజీ."

నాగమల్లేశ్వరికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక లేచి వెళ్లి దైవాశీర్వాదం ముందు నేలమీద కూర్చుంది.

"అన్నా, నువ్వు నడపలే. నీ బిడ్డే నడిపింది. మా ఆయనకు తెలివి లేకుండె, తప్పు జూసిండు. నేనే పోయి చెప్త అట్లని. నువ్వు గూడ గట్లనే చెప్పు. నీ కాళ్లు మొక్కుత."

దైవాశీర్వాదం ఆమె వంక చూడలేకపోయాడు. "నిన్ననే చెప్పేశానమ్మా. ఈ మేడం వచ్చి వెళ్లినకాడ్నించి అన్నం సహించలేదు. ప్రార్థన చేసుకుని కంపెనీకి ఫోన్ చేసి అంతా ఒప్పుకున్నాను. రికార్డ్ చేసుకున్నారు. అప్పటికి గానీ మనసు తేలికపడలేదు."

విమలకుమారి కుర్చీ ఆయనకి దూరంగా జరుపుకుంది. ఆ సంగతి ఆమెకీ అప్పుడే తెలిసింది.

"కోర్టుకి వెళ్లచ్చు కదా ఆంటీ?" అంది ప్రణవి.

"వెళ్లచ్చు. అద్దె ఇల్లు, లేని ఉద్యోగం, గెలిచినా వచ్చేదేముంది? తేలేసరికి రెండేళ్లు. శుక్రవారం ఎల్లుండే."

వాళ్లు ముగ్గురూ వెళ్లిపోయారు. అబిగేల్ గుమ్మం దగ్గర ఆగి ఏదో అనబోయింది, తల్లి భుజం పట్టి తీసుకెళ్లింది. నాగమల్లేశ్వరి ఇంకా నేలమీదే ఉంది.

"మేడం, మా ఆయన చెప్పింది నిజమేనని కాయితం మీద రాసిస్తరా? తెలుగుల. ఎవరు నమ్ముతలేరని రోజు ఏడుస్తుండు. చదివి ఇనిపిస్త."

ప్రణవికి తెలుగు రాయడం రాదు. రాధారాణే కాగితం తీసుకుని నాలుగు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, తన డిటెక్టివ్ లైసెన్స్ నంబరు వేసింది. రాస్తున్నంతసేపూ ఆవిడ తలెత్తలేదు.

ప్రణవి నాగమల్లేశ్వరిని ఆసుపత్రి దగ్గర దించడానికి వెళ్లింది. దారి పొడుగునా ఆవిడ ఆ నాలుగు వాక్యాలూ కూడబలుక్కుంటూ పైకే చదువుకుంది. కారు దిగేముందు కాగితం మడిచి పర్సులో పెట్టుకుంటూ అడిగింది.

"గిది చూపిస్తె ఇంకో వారం ఉంచుకుంటరా బిడ్డా?"

ప్రణవి అబద్ధం చెబుదామనే నోరు తెరిచింది.

"ఉంచుకోరు ఆంటీ," అంది.

నాగమల్లేశ్వరి తలూపి, తలుపు మెల్లగా వేసి, లోపలికి వెళ్లింది.