లోటా లేని కడవ

ఉదయం ఎనిమిది గంటలు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద దాసప్ప బైకు ఆపి, ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"సార్, ఏడో కంటెయినర్. స్క్రీన్ మీద ఇరవై అయిదే చూపిస్తాండాది. అబద్ధం సార్! లోపల..."

మొదటి గుండు ఫోన్‌నీ, దాని వెనకున్న చెవినీ కలిపి ఎగరగొట్టింది. రెండోది గొంతులో దిగింది. దాసప్ప బైకుతో సహా దొర్లి, నీళ్ళకు మూరెడు దూరంలో ఆగాడు. ముప్పై ఏళ్ళు కరెంటు పని చేసి ఒక్క షాక్ కూడా తినని మనిషి. పాపం, పొద్దున తిన్న ఉగ్గాని ఇంకా అరగనే లేదు.

గంట తిరక్కుండా సీక్రెట్ ఏజెంట్ వీరేష్ జీపులో ఉన్నాడు. చెవిలోని రిసీవర్‌లో చీఫ్ నాగేశ్వర గొంతు.

"దాసప్ప పనిచేసింది కుందుర్పి దగ్గర బ్యాటరీ యార్డులో. పగలు సోలార్ కరెంటు దాచుకుని, పొద్దుగూకాక ఊళ్ళకు ఇస్తుంది. ఇరవై కంటెయినర్లు."

"ప్రమాదం ఏమిటి సార్?"

"వేడి. ఇరవై అయిదు డిగ్రీల దగ్గర పెడితే ఆవుల్లా ఉంటాయి. యాభై అయిదు తాకితే ఛార్జింగ్ దానంతటదే కట్ కావాలి. కాకుండా ఎక్కుతూనే పోతే ఒక సెల్ మండి పక్క సెల్‌ను అంటిస్తుంది. ఆ తర్వాత చెరువంతా పోసినా ఆరదు."

"ఎవరి పని?"

"కోబాల్ట్ రింగ్. విదేశీ ముఠా. ఇక్కడ శవాలు లేస్తే మన బ్యాటరీలు ఎవరూ కొనరు, వాళ్ళవే కొంటారు. కంట్రోల్ రూమ్‌లో మన మనిషి ఉంది, ఆశ్రిత. కోడ్ మరిచిపోకు."

మధ్యాహ్నం పన్నెండున్నరకు నూనె మరకల చొక్కాతో ఏసీ మెకానిక్ ఒకడు యార్డులోకి వచ్చాడు. చేతికి వాచీ. బటన్ నొక్కితే పది అడుగుల దూరం నుంచి దేని వేడైనా చెప్పే వాచీ.

కంట్రోల్ రూమ్ మెట్ల మీద ఆశ్రిత. నల్ల కళ్ళద్దాలు, అంత దుమ్ములోనూ నలగని ధర్మవరం పట్టు చీర.

"కుందుర్పి బస్సు వచ్చిందా మేడమ్?"

"బస్సు వచ్చింది. కండక్టరే రాలేదు."

కోడ్ సరిపోయింది. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా దాహం వేస్తుంది. స్క్రీన్ చూపించింది. ఇరవై గళ్ళు, అన్నిట్లోనూ ఇరవై అయిదు.

"దాసప్ప తాగి వాగాడు, అంతే" అంది.

వీరేష్ ఏడో కంటెయినర్ దగ్గరకు నడిచి వాచీ నొక్కాడు. అరవై రెండు! పక్క కంటెయినర్ మీద నొక్కాడు. అరవై ఒకటి. యార్డు గేటు మీద నొక్కితే అరవై మూడు. మే నెల ఎండలో ఏ ఇనుమైనా అంతే మరి. ఆ వాచీ చేసినవాళ్ళు అనంతపురం ఎండ చూసి ఉండరు.

ఏడో కంటెయినర్ పక్కన సోలార్ పలకలు కడిగే ఆడవాళ్ళు, నలభై మంది, సద్దిమూటలు విప్పుతున్నారు. వాళ్ళ మేస్త్రీ బయమ్మ తల ఎత్తింది.

"ఏమప్పా మెకానిక్కూ, ఈ డబ్బా పొద్దున్నుంచీ ఫ్యాను తిప్పడంల్యా. ఊపిరి బిగబట్టుకున్నట్లుండాది."

"చూస్తా అక్కా. తాగేకి నీళ్ళుండాయా?"

"ఆడ కడవ ఉండాది గానీ, లోటా యాడుండాది? పట్టుచీర మేడమ్ పెట్టిచ్చింది. ముట్టుకుంటే పనిలోంచి తీసేస్తాననింది. నీళ్ళు పెట్టి తాగొద్దనేదాన్ని ఈమెనే చూసినా!"

వీరేష్ కడవ వైపు తిరిగాడు. ఈ జిల్లాలో ఎండాకాలం కడవ పెట్టినవాళ్ళు మీద నీళ్ళు ముంచుకునే లోటా బోర్లిస్తారు. పగవాడైనా సరే, తాగిపొమ్మనే. లోటా లేదంటే ఆ కడవ మనుషుల కోసం కాదు.

కడవ మీద కప్పిన తడి గోనెపట్ట లాగేశాడు. కంటెయినర్ కింది రంధ్రంలోంచి వచ్చిన ఎనిమిది నల్ల వైర్లు నీళ్ళలో మునిగి ఉన్నాయి. బ్యాటరీల మధ్య ఉండి వేడి చెప్పాల్సిన సెన్సర్లు కడవలో చల్లగా కూర్చున్నాయి! స్క్రీన్ మీది ఇరవై అయిదు ఈ నీళ్ళది. అది నమ్మి కూలింగ్ మెషిన్ నిద్రపోతోంది, ఛార్జింగ్ ఎక్కుతూనే ఉంది.

తలుపు సందులోంచి దారంలా తెల్లటి పొగ.

"అక్కా, అందర్నీ లేపు! గేటు దాటి పరిగెత్తండి!"

"అన్నం తినేటప్పుడు..."

"అన్నం ఆడే ఉండనీ!"

గుండు వీరేష్ ఎడమ భుజంలోంచి దూసుకుపోయింది. మెట్ల మీద ఆశ్రిత, చేతిలో పిస్తోలు. వెనక నుంచి గార్డు ఆదెన్న, పొద్దున దాసప్పను కాల్చినవాడు, ఇనుప కడ్డీతో వచ్చాడు. మొదటి దెబ్బకు పక్కటెముక విరిగింది. రెండోది పడేలోపు వీరేష్ స్క్రూడ్రైవర్ వాడి మెడలో పిడి దాకా దిగింది. రక్తం చిమ్మి కంటెయినర్ మీద పడి, పడ్డచోటే ఉడికింది.

ఆశ్రిత మెట్లు దిగి దగ్గరకొచ్చి మళ్ళీ గురిపెట్టింది. ఆడవాళ్ళంతా గేటు దాటినా బయమ్మ మాత్రం ఆగింది. పలకలు కడిగే పన్నెండు అడుగుల కర్ర తిరిగింది. ఆశ్రిత మణికట్టు ఎముక ఫట్‌మంది.

"తాగే నీళ్ళతో మోసమా, థూ!"

ఆశ్రిత ఎడమ చేత్తో ఇంకో పిస్తోలు తీసింది, బయమ్మ మొహం మీదికి. వీరేష్ ఆదెన్న నడుములోని తుపాకి లాగి రెండుసార్లు పేల్చాడు. పట్టు చీర దుమ్ములో కూలింది.

"తలుపు... తెరువు వీరేష్" నెత్తురు నోటితో గొణిగింది. "గాలి తగిలితే... చల్లబడుతుంది."

చస్తూ కూడా అబద్ధమే. లోపల గ్యాస్ నిండింది. గాలి తగిలితే బాంబే.

సెన్సర్లు లోపల పెట్టే దారి లేదు. ఛార్జింగ్ ఆపే స్విచ్ కంట్రోల్ రూమ్‌లో, తాళం ఆశ్రిత వేసేసింది. వీరేష్ కళ్ళు వాచీ మీద పడ్డాయి. అరవై రెండు.

ఎనిమిది సెన్సర్లనూ గుప్పెట పట్టి, ఎండలో కాలుతున్న ఇనుప గోడకు అదిమాడు. అరచేయి చుర్రుమంది. గోడ మీది చిన్న డిస్‌ప్లే కదిలింది. ముప్పై. నలభై నాలుగు. అరచేతి చర్మం బొబ్బలెక్కుతోంది. యాభై ఒకటి. లోపల ఏదో ఉబ్బి ఠంగుమంది. యాభై నాలుగు.

యాభై అయిదు.

టప్. ఛార్జింగ్ కట్. మరుక్షణం కూలింగ్ మెషిన్ గుయ్యిమని లేచింది. పొగ సన్నగిల్లి, ఆగింది.

ఫైర్ ఇంజన్లు వచ్చాయి. సాయంత్రం దాకా ఆ తలుపు ఎవరూ ముట్టలేదు. బయమ్మ మజ్జిగ లోటా పట్టుకుని వచ్చి, వీరేష్ కాలిన చేయి చూసి, తానే తాగించింది.

రిసీవర్‌లో చీఫ్ గొంతు. "శభాష్! ఏ పరికరంతో పట్టుకున్నావు? రిపోర్టులో రాయాలి."

"లోటా సార్."

"ఆ పరికరం మనం నీకు ఇవ్వలేదే?"

"అక్కడ వాళ్ళూ పెట్టలేదు సార్. అందుకే దొరికిపోయారు."