ఇసుకతిన్నె మునిగే వేళ

బుట్టలో ఒక జత చెప్పులు మిగిలిపోయాయి.

పొద్దున పడవ ఎక్కే ముందు అందరూ జెట్టీ మీదున్న పెద్ద బుట్టలో చెప్పులు వదిలారు. మూడు దీవులు, తెల్లటి ఇసుక, హాయిగా ఒక రోజు అని బోర్డు మీద రాశారు. ఇక చెప్పులతో పనేముంది? సాయంత్రం దిగినవాళ్ళు ఎవరివి వాళ్ళు తొడుక్కుని వెళ్ళబోయారు. మగవాళ్ళ తోలు చెప్పులు ఒక జత మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని చూసి ఒకావిడ కేక పెట్టింది.

"మా ఆయనేరీ?"

హార్బర్ స్టేషన్ మహిళా ఎస్సై వచ్చేసరికి ఐదుంపావు. సముద్రం చూస్తేనే కడుపులో తిప్పే మనిషికి ఈ పోస్టింగ్ ఇచ్చిన పెద్దమనిషి ఎవరోగానీ, ఆవిడ అతన్ని రోజూ తలుచుకుంటుంది. ఇవాళ ఆ తీరిక లేదు. మనిషి నీళ్ళలో ఉన్నాడు. బతికున్నాడో లేదో తెలీదు.

"ఆఖరిసారి ఎవరు చూశారు?"

"నేనే మేడమ్," అన్నాడు తప్పిపోయినాయన తమ్ముడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "తిరిగొచ్చేటప్పుడు అన్నయ్య పడవ వెనక రెయిలింగ్ పట్టుకుని నుంచున్నాడు. లైట్‌హౌస్ దాటాక చూస్తే లేడు. పైకి వెళ్ళాడేమో అనుకున్నాను."

ఎస్సై వైర్‌లెస్ అందుకుంది. రెస్క్యూ బోట్లు లైట్‌హౌస్ వైపు దూసుకుపోయాయి.

"మీరెక్కడున్నారమ్మా?" అని భార్యని అడిగింది.

"కింద కేబిన్‌లో మేడమ్. ఒళ్ళు తెలీకుండా పడుకున్నాను. వాంతులు కాకుండా మా మరిది మాత్రలిచ్చాడు. మూడో దీవిలో మళ్ళీ ఇచ్చాడు. నాకొకటి, ఆయనకి రెండు."

"ఆయనకి రెండెందుకు?"

"'అన్నయ్యది భారీ శరీరం కదా వదినా, ఒకటి ఏ మూలకి?' అన్నాడు మేడమ్."

ఎస్సై జేబులోనూ అదే మాత్ర ఉంది. సగం వేసుకుంటేనే ఆవిడ కుర్చీలో జోగుతుంది. రెండు మింగిన మనిషి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడా? ఆవిడకి మనసులో ఏదో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

గైడ్ అమ్మాయిని పిలిచింది.

"మూడో దీవి దగ్గర అందరూ ఎక్కారా?"

"ఎక్కారు మేడమ్. నేనే లెక్కపెట్టాను."

"మనుషుల్నేనా?"

"జాకెట్లని మేడమ్. మనుషులు ఒక్కచోట నిలబడరు, సెల్ఫీలంటూ తిరుగుతుంటారు. లైఫ్ జాకెట్లన్నీ కొక్కేలకి వచ్చేస్తే అందరూ వచ్చేసినట్టే. మేమెప్పుడూ అంతే చేస్తాం."

పక్కనే ఉన్న సరంగు తల దించుకున్నాడు. పడవ నడిపేది అతనే. ఆ పద్ధతి పెట్టిందీ అతనే.

ఎస్సై పడవెక్కింది. పళ్ళు బిగించి, కొక్కేలకి వేలాడుతున్న జాకెట్లని ఒక్కొక్కటే తడుముతూ వెళ్ళింది. ఒక దాని దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"సరంగూ, మూడో దీవిలో పడవ ఒడ్డుకి ఆనుతుందా?"

"ఆనదమ్మా. అసలది దీవి కూడా కాదు, ఇసుకతిన్నె. ఛాతీ లోతులో లంగరేస్తాం. జాకెట్ తొడుక్కుని నడిచే వెళ్ళాలి, నడిచే రావాలి."

"అదెప్పుడూ పైకి తేలే ఉంటుందా?"

"లేదమ్మా. పోటు తగ్గితే తేలుతుంది, పెరిగితే మునుగుతుంది. ఇవాళ ఆరుకల్లా..." సరంగు గడియారం చూసుకున్నాడు.

టైం ఐదున్నర.

భార్యని, తమ్ముణ్ణి పడవ మీదకి రప్పించింది ఎస్సై. పసుపు రంగు జాకెట్ తీసి పట్టుకుంది.

"ఇదెవరిది?"

"ఆయనదే మేడమ్," అంది భార్య. "ఎర్రవేవీ ఆయనకి పట్టలేదు. పెద్ద సైజు ఇదొక్కటే."

"పట్టుకుని చూడండి. మిగతావాటి అంచుల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. ఇది ఎండకి ఆరి, ఉప్పు తేలి ఉంది. ఛాతీ లోతు నీళ్ళలో నడిచొచ్చిన మనిషి జాకెట్ తడవకుండా ఎలా ఉంటుంది? మనిషి రాలేదమ్మా. నీళ్ళు తగలకుండా ఎవరి నెత్తి మీదో జాకెట్ ఒక్కటే వచ్చింది."

భార్య మెల్లగా మరిది వైపు తిరిగింది.

"టవల్ మూట... నెత్తిన పెట్టుకుని వస్తుంటే పోర్టర్‌లా ఉన్నావని నవ్వాను కదయ్యా. అన్నయ్యేడీ అంటే ముందే ఎక్కేశాడన్నావు."

"అవి నా బట్టలు వదినా..."

"మీ అన్నయ్య ఇసుకలో నిద్రపోతున్నాడు, కదూ?" అంది ఎస్సై. "బోట్లని లైట్‌హౌస్ వైపు పంపించావు. నీ నోటిమాటతో."

అతను కూలబడిపోయాడు.

"హైవే మీద నా కారు కింద పడి ఒకడు చచ్చిపోయాడు. ఆపకుండా వచ్చేశాను. అన్నయ్యకి తెలిసిపోయింది. ఈ ట్రిప్ అవగానే స్టేషన్‌కి వెళ్దాం, నేనూ తోడొస్తాను, భయపడకు అన్నాడు."

వదిన అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. జెట్టీ పక్కనున్న పోలీసు లాంచీ ఎక్కడానికి పరుగెత్తింది. తమ్ముడికి కానిస్టేబుల్ బేడీలు వేసి, అతన్నీ ఎక్కించాడు.

వెలుతురు తగ్గిపోతోంది. సరంగు లాంచీ ముందు నిలబడి చెయ్యి చాచి దారి చూపిస్తున్నాడు.

వాళ్ళు చేరేసరికి తిన్నె లేదు. మధ్యాహ్నం అందరూ దొర్లిన తెల్లటి ఇసుక ఆనవాలు కూడా లేదు. నల్లటి నీళ్ళు, వాటి మధ్య పడవలకి గుర్తుగా పాతిన ఇనుప స్తంభం.

"ఏవండీ!" అని అరిచింది భార్య.

స్తంభం దగ్గర ఏదో కదిలింది. గడ్డం దాకా నీళ్ళలో ఒక మనిషి, రెండు చేతులతో ఇనుముని కావలించుకుని ఉన్నాడు.

కానిస్టేబుళ్ళు దూకారు. లాంచీలోకి లాగారు. పెదాలు నల్లబడ్డాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. భార్య అతన్ని వాటేసుకుంది. అతను మాత్రం ఎస్సై చెయ్యి పట్టుకున్నాడు.

"నా సంగతి తర్వాత మేడమ్. మా తమ్ముడు ఇక్కడే ఎక్కడో మునిగిపోయాడు. లేచి చూస్తే పడవ లేదు, నా జాకెట్ లేదు. వాడికి ఈత రాదు. ఓపికున్నంతసేపూ మునిగి మునిగి వెతికాను. దొరకలేదు."

"అతను పడవలో వెళ్ళిపోయాడేమో అనుకోలేదా?"

"భలేవారే. వాడు పడవలో ఉంటే నన్ను వదిలేసి పోనిచ్చేవాడా?"

లాంచీ వెనక నుంచి వెక్కిళ్ళు వినిపించాయి. అన్న అటు తిరిగాడు. చీకట్లో ముడుచుకుని కూర్చున్న తమ్ముణ్ణి చూశాడు.

"హమ్మయ్య, ఉన్నావట్రా," అని భోరున ఏడ్చేశాడు. తమ్ముడి చేతులకున్న బేడీలు అతనికింకా కనిపించలేదు.