దొంగ చలిమిడి

పొద్దున్నే వంటింట్లో అడుగు పెట్టగానే కాలు మోపిన మనిషినల్లా తూచి మాట్లాడే తూనికనేల అపరంజిని పలకరించింది. నిన్నటికంటే బరువు తగ్గారనీ, రాత్రి నిద్ర సరిగ్గా పట్టినట్టు లేదనీ చెప్పింది. గుమ్మం దగ్గర కూతురు విపంచి పాలగ్లాసు పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది.

"విపంచి బొమ్మాట ఆడుతోంది," అంది నేల.

"బడికి టైమవుతుంటే ఇప్పుడేం ఆటే?" అంటూ అపరంజి దోసె తిరగేసింది. ఈ మధ్య పిల్ల ఎక్కడ పడితే అక్కడ ఇలా బొమ్మలా ఆగిపోతోంది. ఎనిమిదేళ్ళది, ఆడుకోనీ అనుకుంది. అన్నీ నేలే చూసుకుంటుంటే ఎవరు మాత్రం పనిగట్టుకుని తల తిప్పి చూస్తారు?

తణుకులో ఇప్పుడు తూనికనేల లేని ఇల్లు లేదు. అసలది వచ్చింది గర్భిణుల కోసం. తల్లి బరువు మరీ ఎక్కువైతే బిడ్డకు మూర్ఛ వచ్చే అవకాశం కాస్త పెరుగుతుందని పరిశోధకులు చెప్పారు. నేలను తయారుచేసినవాళ్ళు దానికి బరువు నేర్పారు, మూర్ఛ నేర్పారు. ఆ 'కాస్త' అన్న మాట నేర్పడం మరిచిపోయారు. ఏ బిడ్డకైనా ఫిట్స్ వస్తే చాలు, కడుపుతో ఉన్నప్పటి తల్లి తూకాలన్నీ ఆసుపత్రికీ బడికీ చేరిపోతాయి.

అపరంజి మొదటినుంచీ బొద్దుమనిషే. విపంచి కడుపులో ఉండగా మూడో నెలలో ఆమె తల్లి ప్రత్యూష, ఆనవాయితీ తప్పకూడదని ఎవరికీ చెప్పకుండా దొంగ చలిమిడి పట్టుకొచ్చింది. చున్నీ కింద గిన్నె దాచుకొస్తే నేల ఊరుకుంటుందా? వెళ్ళేటప్పుడు ఆవిడ గిన్నెడు చలిమిడంత తేలికైందని పసిగట్టి ఇల్లంతా ఎర్రదీపాలు వెలిగించింది. ఆ సంగతి చెప్పుకుని ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి నవ్వారు. విపంచీ నవ్వేది.

గ్లాసు పగిలిన చప్పుడుకు అపరంజి వెనక్కి తిరిగింది. పిల్ల కిందపడి ఉంది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి, కళ్ళు తేలిపోయాయి.

"విపంచి బొమ్మాట ఆడుతోంది," అంది నేల, అదే తీయని గొంతుతో.

"ఆటేమిటి నీ మొహం! ఫిట్స్! డాక్టర్ని పిలు!"

గాజుముక్కలు పక్కకు తోసి, పిల్లను ఒత్తిగిలేలా పడుకోబెట్టి, తల కింద తన చెయ్యి పెట్టింది. నోట్లో ఏమీ పెట్టకూడదని ఎక్కడో విన్నది గుర్తుంది. కొట్టుకోవడం ఆగేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

"డాక్టరు బయల్దేరారు," అంది నేల. "ఆట అని విపంచే చెప్పింది."

చాలాసేపటికి పిల్ల కళ్ళు తెరిచింది.

"ఎందుకలా చెప్పావురా, బంగారూ?"

"మా క్లాసులో రిషాంక్‌కి ఫిట్స్ వస్తే, వాళ్ళమ్మని పిలిచి అందరి ముందూ ఏం తిన్నావని అడిగారమ్మా. ఆంటీ ఏడ్చేసింది." ముద్దముద్దగా వస్తున్నాయి మాటలు. "నువ్వు చలిమిడి తిన్నావు కదా. నిన్నూ అడుగుతారని..."

అపరంజి ఒంటి బరువు గ్రాములతో సహా తెలిసిన ఈ ఇంట్లో, పిల్ల కళ్ళలోకి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. తనూ చూడలేదు. ఆ సిగ్గుతోనే కూతుర్ని గుండెకు హత్తుకుంది.

"డాక్టరుగారికి కొన్ని వివరాలు కావాలి," అంది నేల. "గర్భకాలంలో తూకం మించిందా?"

"మించింది. దొంగ చలిమిడి కూడా తిన్నాను. మా అమ్మ ప్రేమగా పెడితే గిన్నె ఖాళీ చేశాను. ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో!"

"బిడ్డకు ఇలా ఎప్పటినుంచి వస్తోంది?"

అపరంజి కూతురి ముఖంలోకి చూసింది. విపంచి తల్లి భుజంలో ముఖం దాచుకుని, దొంగతనం బయటపడ్డట్టు మెల్లగా చెప్పింది.

"అమ్మమ్మ మామిడిపళ్ళు పంపినప్పట్నుంచి."

కిటికీ అవతల చలికాలపు పొగమంచు ఇంకా విడలేదు.