జడ్జిగారికి ముందే తెలిసింది

లఫాయెట్ ఫెడరల్ కోర్టులో ఇంటర్న్‌షిప్ మొదలైన రోజునే ఓడెట్, ఎమీల్ ఒక ఫైలు కోసం పోట్లాడుకున్నారు.

ఇద్దరూ లా విద్యార్థులే. ఆ వేసవికి జడ్జి హార్‌గ్రోవ్ మేడమ్ దగ్గర సహాయకులు. బల్ల మీదున్న కేసుల్లో నోరూరించేది ఒక్కటే. రొయ్యల పడవ మీద తాడు చుట్టే యంత్రంలో ఒక పనివాడి చెయ్యి నలిగిపోయింది. తప్పు అతనిదేననీ, కేసు కొట్టెయ్యమనీ పడవ యజమాని అడుగుతున్నాడు.

"ముందు చెయ్యి వేసింది నేను," అంది ఓడెట్.

"ముందు చూసింది నేను," అన్నాడు ఎమీల్.

"చూసినంత మాత్రాన హక్కులు రావు బాబూ. ఏ కాలేజీలో చెప్పారు నీకా ముక్క?"

ఎమీల్ నవ్వుతూ ఫైలు లాక్కుని అట్ట తిప్పాడు. మొదటి పేజీ చూడగానే నవ్వు ఆగిపోయింది. నిప్పు ముట్టుకున్నట్టు దాన్ని వదిలేసి జడ్జిగారి గదిలోకి వెళ్ళాడు.

తిరిగొచ్చి, "నీదే, తీసుకో," అన్నాడు.

"దానంగా ఇస్తే నాకక్కర్లేదు."

"దానం కాదు. నాకొద్దు, అంతే."

వెనకాలే జడ్జిగారు వచ్చారు. "ఓడెట్, ఈ కేసు సంగతి ఎమీల్ దగ్గర ఎత్తకు. కారణం అడక్కు."

అడగొద్దంటే ఓడెట్‌కి నిద్ర పట్టదు. చిన్నప్పట్నుంచీ అంతే.

"పడవలంటే భయమా నీకు?" అంది మర్నాడు.

"రోజూ రొయ్యల శాండ్‌విచ్ తింటున్నాను కదా, నన్ను చూస్తే భయపడేవాడిలా ఉన్నానా?" అంటూ సగం తుంచి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ ఊళ్ళో వేసవిలో మధ్యాహ్నమయితే చాలు, వాన. ఇద్దరూ కోర్టు గుమ్మంలో నిలబడి, వాన తగ్గేదాకా ప్రపంచంలో ఉన్నవన్నీ మాట్లాడుకునేవాళ్ళు, ఆ ఒక్క కేసు తప్ప. పోనుపోను ఓడెట్‌కి కారణం కంటే ఆ మనిషి మీదే ఆరా ఎక్కువైంది. నవ్వబోయే ముందు అతని ఎడమ కనుబొమ లేస్తుందని కూడా కనిపెట్టేసింది. వాన తొందరగా తగ్గిన రోజు విసుగ్గా ఉండేది.

వాదనలు జరిగే రోజు వచ్చింది. ఓడెట్ కోర్టు హాలు బయట నడుస్తోంది. ఎదురుగా ఒక చిన్నపిల్ల తల్లి చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది.

"మావయ్యా!"

వెళ్ళి ఎమీల్ కాళ్ళకి చుట్టుకుంది. ఆ తల్లి వెనక నిలబడ్డవాడి కుడిచేతికి మూడు వేళ్ళు లేవు. కేసు వేసిన రెనార్డ్ అతనే.

ఎమీల్ తెల్లబోయాడు. "ఓడెట్, అతను మా బావ అని తెలిస్తే నీకు జాలి పుడుతుందేమోనని..."

"మాట్లాడకు," అని ఆమె లోపలికి పరుగెత్తింది.

కేసు నిలబడుతుందని జడ్జిగారికి ఇవ్వాల్సిన నోట్ సగం దాకా రాసి పెట్టుకుంది. నిన్నటిదాకా అది చట్టం చెప్పిన మాట. ఇప్పుడు? చట్టమా, లేక ఆ కనుబొమా? తనకే తెలియడం లేదు. లేచి జడ్జిగారి తలుపు తట్టింది.

"మేడమ్, ఈ కేసు నేను చెయ్యకూడదు."

"ఎమీల్ బావగారని తెలిసిందా? అందుకే అతన్ని పక్కన పెట్టాను. మధ్యలో నీకేం సంబంధం?"

ఓడెట్ కార్పెట్ వంక చూసింది. "ఇంకా ఏం లేదు మేడమ్. ఉంటే బావుణ్ణని నాకుంది."

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. "అవతలి పక్షానికి తెలుసా?"

"ఎమీల్‌కి ఇంకా నోటీసు ఇవ్వలేదు మేడమ్."

జడ్జిగారి పెదవి కదిలింది గానీ నవ్వలేదు. "మంచి కేసు వదులుకుంటున్నావు. బాధగా ఉందా?"

"చాలా."

"ఉండాలి. ఫైలు అక్కడ పెట్టి వెళ్ళు. నువ్వు రాసింది నేను చూడను."

సాయంత్రం గుమ్మంలో ఎమీల్ ఎదురొచ్చాడు. "నా మూలంగా నిన్ను తీసేశారా? ఉండు, నీ తప్పేం లేదని మేడమ్‌కి చెప్పొస్తాను."

"వద్దు! నేనే తప్పుకున్నాను."

"ఎందుకు?"

ఓడెట్ జడ్జిగారికి చెప్పిన మాటే ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పింది.

ఎమీల్ ఆమె వైపు ఒక అడుగు వేశాడు. "నాకంటే ముందు జడ్జికి చెప్పావా?"

"ప్రమాణం చేసి మరీ చేరాను కదా. ముందు అక్కడే చెప్పాలి."

ఎడమ కనుబొమ లేచింది. "నేనైతే మొదటి శాండ్‌విచ్ రోజే నీ గురించి మా అక్కకి చెప్పాను. ఆదివారం నిన్ను భోజనానికి పిలవమంటోంది."

"కేసు తేలేదాకా మీ వాళ్ళ గడప తొక్కను."

కేసు నిలబడుతుందని జడ్జిగారు ఆగస్టులో తేల్చారు. ఆర్డరు చదువుతుంటే తను రాద్దామనుకున్న కారణాలే కనిపించి, ఓడెట్ మనసు తేలికపడింది. కొన్నాళ్ళకి పడవ యజమాని రాజీకి వచ్చాడు.

ఆ పై ఆదివారం వాళ్ళింట్లో రెనార్డ్ ఎడంచేత్తో ఆమె గిన్నెలో గంబో అనే రొయ్యల పులుసు వడ్డిస్తూ, "నా కేసు వదిలేసి మావాణ్ణి పట్టుకున్న లాయరమ్మవి నువ్వేనా?" అన్నాడు.

"రెండూ వదులుకోవడం నా వల్ల కాలేదు అన్నయ్యా," అంది ఓడెట్.