తెగిన ఫైలు ఒక్కటే

దిల్‌సుఖ్‌నగర్‌లో బంద్ రోజున కోచింగ్ సెంటర్లు మూస్తారనుకుంటే పొరపాటే. షట్టర్ సగానికి దించుతారు, అంతే. బయటివాళ్ళకి మూసినట్టు, వంగి చూసినవాళ్ళకి క్లాసు జరుగుతున్నట్టు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక ఆ వీధిలో పిల్లలందరికీ వంగి నడవడం అలవాటైపోయింది.

ఆ బుధవారం పొద్దున జాస్మిన్ వంగి లోపలికి దూరుతుంటే, రామమోహనరావు వంగి బయటికి వస్తున్నాడు. రెండు తలలూ ఠక్కుమన్నాయి.

"అబ్బా!"

"అయ్యో, సారీ అండి! దెబ్బ తగిలిందా?"

జాస్మిన్ నుదురు రుద్దుకుంటూ చూసింది, ఎవరో తెలియగానే మొహం తిప్పుకుని లోపలికి పోయింది. ఇంకెవరైనా అయితే పకపకా నవ్వేసేది. ఇతగాడితో మాత్రం మాట్లాడకూడదని పోయిన వారమే ఒట్టు పెట్టుకుంది.

రామమోహనరావు అనగానే పంచె, కండువా గుర్తొస్తాయి గానీ మనవాడికి నిండా పాతికేళ్ళు లేవు. తాతగారి పేరు పెట్టారు, మోస్తున్నాడు. వాళ్ళది గుంటూరు వైపు, సైదాబాద్‌లో స్థిరపడ్డారు. క్లాసంతా అతన్ని "రావుగారూ" అని ఏడిపిస్తుంది. ఆ పిలుపు మొదలుపెట్టిన పుణ్యం జాస్మిన్‌దే. ఆమెవాళ్ళు నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కిరాయికుంటున్నారు. తండ్రి పౌలు ఆర్టీసీ డ్రైవరు, ఇప్పుడు సమ్మెలో ఉన్నాడు.

గొడవ టీ కొట్టు దగ్గర వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు చేశారట, రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండి, అక్కడే అందరూ కూర్చుని తిన్నారట అని ఎవరో చెప్పారు. రావుకి నోరు ఊరుకోలేదు. "రోడ్డు మీద పప్పు ఉడికిస్తే రాష్ట్రం వచ్చేస్తుందా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పప్పులో గరిటె తిప్పింది తన నాయనే అని జాస్మిన్ చెప్పలేదు. సగం తాగిన టీ అక్కడే పెట్టి, ఫోన్లోంచి అతని నంబరు తీసేసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆమె తిప్పలు వేరు. శుక్రవారం ఒక కంపెనీవాళ్ళు ల్యాబ్‌కే వచ్చి, ఒక్కొక్కరి ప్రాజెక్టూ లినక్స్ మీద నడిపించి చూసి ఉద్యోగం ఇస్తారు. ఇంట్లో నాయన జీతం ఆగిపోయింది. ఆ మాట నాయన అనడు, అమ్మా అనదు. అందుకే జాస్మిన్‌కి ఆ ఉద్యోగం మరీ కావాలి.

ప్రాజెక్టు రాయడం అయిపోయింది. దాని ముక్కలన్నిటినీ కలిపి కట్టే బిల్డ్ టూలే లేదు. కంప్యూటర్లో ఉన్నది పాతది, దీనికి పనికిరాదు. కొత్తదాని సోర్స్ కోడ్ తెచ్చుకుని, అక్కడే కంపైల్ చేసి, అంటే కంప్యూటరుకి అర్థమయ్యే భాషలోకి మార్చి, ఎక్కించుకోవాలి. అదా, ముసలి కంప్యూటర్. నల్ల తెర మీద ‘మేక్’ అని కొడితే ఒక్కో ఫైలునీ తీరిగ్గా నములుతూ కూర్చుంటుంది. అది నమలడం పూర్తయ్యేలోపు కరెంటు పోతుంది. బొగ్గు గనులవాళ్ళు కూడా సమ్మెలో ఉన్నారు మరి!

కరెంటు రాగానే జాస్మిన్ ఫోల్డరంతా డిలీట్ కొట్టి, సోర్స్ మళ్ళీ విప్పి, మొదటినుంచి మొదలుపెడుతుంది. నిన్నంతా అదే పని. కూర కాస్త మాడితే గిన్నె కడిగి కొత్తగా పొయ్యి మీద పెట్టే రకం ఈ పిల్ల.

మధ్యాహ్నం వాన మొదలైంది, వెంటనే కరెంటు పోయింది. జాస్మిన్ కీబోర్డు మీద తల వాల్చేసింది. కాసేపటికి ఫ్యాను కదిలింది. ఆమె చెయ్యి అలవాటుగా డిలీట్ వైపు పోయింది.

"ఆగండాగండి! అది కొట్టకండి!" ఎప్పుడు తిరిగొచ్చాడో, పక్క సీట్లోంచి రావు.

"నీతోని మాట్లాడుతలేను."

"నాతో మాట్లాడొద్దు. ఊరికే మళ్ళీ మేక్ అని కొట్టండి."

"నిన్న కొట్టిన. ఎర్రర్ ఒచ్చింది."

"ఏం ఎర్రర్?"

"ఏమో. చూడలే. మొత్తం తీసి పారేసిన."

"చదవకుండానే?"

"గంతే. నా అలవాటే గది," అంది జాస్మిన్ సూటిగా అతని కళ్ళలోకి చూస్తూ. రావు చెవులు ఎర్రబడ్డాయి.

అయినా కొట్టింది. ఎంత పని అయిందో చూపే అంకెలు తెర మీద గబగబా పరుగెత్తాయి, పని ఆగిన చోటినుంచే మొదలైంది.

"అరే! ముందటియి మళ్ళ చేస్తలేదేంది?"

"అయిపోయినవాటి జోలికి పోదండి. మిగిలినవే చేస్తుంది."

"ముందుగాల చెప్పొచ్చు గద!"

"మాట్లాడనిచ్చారా తల్లీ?"

జాస్మిన్‌కి నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది.

పని చివరికంటా వచ్చి, మళ్ళీ ఎర్రర్. "చూసినవా? మొత్తం ఖరాబైంది!" అంటూ ఆమె చెయ్యి మళ్ళీ లేచింది. రావు ఆ మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్నానని తెలిసి గభాల్న వదిలేశాడు. ఇద్దరూ కాసేపు వానకేసి చూశారు.

"చదవండి," అన్నాడు మెల్లగా.

చదివింది. ఒక ఫైలు పేరు, అది తెగిపోయిందని ఒక ముక్క.

"కరెంటు పోయినప్పుడు ఈ ఫైలు సగం రాసి ఉంది. పూర్తయిందనుకుని మేక్ దాన్ని ముట్టుకోలేదు. ఇదొక్కటీ తీసెయ్యండి. మిగతావన్నీ బంగారంలా ఉన్నాయి."

తీసేసింది. మళ్ళీ మేక్ కొట్టింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఇన్‌స్టాల్‌కి పాస్‌వర్డ్ కొట్టడానికి వచ్చిన ల్యాబ్ ఇన్‌చార్జి నాగేశ్వరి మేడమ్, "హమ్మయ్య, ల్యాబ్‌లో మీ ఇద్దరి నోర్లు మళ్ళ లేసినయ్," అని నవ్వుకుంటూ పోయింది. తెర మీద కొత్త వెర్షన్ నంబరు వెలిగింది. ప్రాజెక్టు కూడా చక్కగా నడిచింది.

జాస్మిన్ కుర్చీ అతని వైపు తిప్పింది.

"రావుగారూ, గా రోజు పప్పుల గరిటె తిప్పింది మా నాయన."

రావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నాకు తెలీదండి... తెలిసుంటే అనేవాణ్ణి కాదు అని తప్పించుకోను. ఎవరి నాన్న తిప్పినా నేను అనకూడని మాట అది."

"నీ మాటలల్ల గదొక్కటే తెగిన ఫైలు. నేనేమో ఫోల్డరంతా పారేసిన." ఫోను ముందుకు తోసింది. "నంబర్ కొట్టు."

అతను నంబరు కొట్టి, ఫోను ఇవ్వకుండా చేతిలోనే పట్టుకున్నాడు. "మీరు మాట్లాడకపోతే నాకు అన్నం సయించట్లేదు. మీరంటే నాకిష్టం, జాస్మిన్. చాలా ఇష్టం."

జాస్మిన్ ఫోను లాక్కుంది. "అన్నం సయిస్తలేదా? శుక్రవారం చౌరస్తాల మళ్ళ వంటావార్పు ఉంది. ఆకలితోని రా. జవాబు ఆడ చెప్త."

శుక్రవారం జాస్మిన్‌కి ఉద్యోగం వచ్చింది. ఇద్దరూ ఒకే షేర్ ఆటోలో, ఇరుక్కుని, ఎల్బీనగర్‌లో దిగారు. రోడ్డు మధ్య పెద్ద గుండిగ ముందు పౌలు గరిటెతో నిలబడి ఉన్నాడు. కూతురి కబురు విని కళ్ళు తుడుచుకుని, పొగ మీద నెట్టేశాడు.

"గీ పిల్లగాడెవరు బిడ్డా?"

"రామమోహనరావు, నాయినా. గుంటూరోళ్ళు. నా టూల్ ఎక్కించింది గీయనే."

రావు పొయ్యి దగ్గరికి జరిగాడు. "అంకుల్, ఈ వంట గురించి నేనొక తప్పు మాట అన్నానండి..."

"పప్పు ఉడికిస్తే రాష్ట్రం ఒస్తదా అనే గదా? రోజూ ఎవడో ఒకడు అంటనే ఉంటడు. రాష్ట్రం ఎట్లైనా ఒస్తది, పప్పు అడుగంటితే మల్ల రాదు. పట్టు గరిటె!"

రావు చొక్కా చేతులు మడిచి తిప్పడం మొదలుపెట్టాడు. మొహమంతా చెమట, చూపంతా జాస్మిన్ మీద.

"పిల్లగా, పప్పు దిక్కు చూడు," అన్నాడు పౌలు. కాసేపు ఆ చూపులు గమనించి, గొంతు తగ్గించి అన్నాడు, "ఐతారం చర్చి అయినంక ఇంటికి రా. మీ అమ్మానాన్నను గూడ తోల్కరా."

రావు చేతిలో గరిటె ఆగిపోయింది. జాస్మిన్ దాన్ని అందుకుని, అరచేతిలో చుక్క వేసుకుని రుచి చూసింది.

"ఉప్పు జర ఎక్కువైంది."

"పారబోసి మళ్ళీ వండుతావా?" రావు నోట మొదటిసారి ‘నువ్వు’ వచ్చింది.

"ఎందుకు పారబోస్త? నాకు గా అలవాటు పోయింది," అని చెంబెడు నీళ్ళు పోసి, అతని కళ్ళలోకి చూసి నవ్వింది. "గిదే నా జవాబు. తిప్పు ఇగ."