సరుకు గుంట దగ్గరుంది

టాటానగర్‌లో, కాసిడీహ్ పేటలో అద్దెగదిలో కూర్చుని సీతారామరావు తెల్లగడ్డం అంటించుకుంటూ ఉండగా మందుల పెట్టె గణగణమంది. ఆ పెట్టెలో మందులుండవు, టెలిఫోన్ ఉంటుంది. ఆ వారం అతను యునానీ హకీము. అంతకుముందు వారం ఇంటింటికీ తిరిగి ప్రెషర్ కుక్కర్లు అమ్మాడు. ఏ వేషమైనా ఇట్టే కట్టేవాడు గానీ, పుట్టింది బందరు, పెరిగింది బందరు. ఆ పక్క తెలుగు తప్ప వేరే తెలుగు ఎరగడు పాపం.

"సబ్‌మెరైన్ల కోసం చేస్తున్న కొత్త ఉక్కు ఫార్ములా పోయింది," అన్నాడు ఢిల్లీ నుంచి ఛీఫ్. "ఎవరో దాన్ని మైక్రోఫిల్మ్‌లోకి ఎక్కించేశారు. ఎల్లుండికల్లా దేశం దాటుతుంది."

"ఎలా సార్?"

"హాలిడే టూరులో. నీ కాంటాక్ట్‌ని కలుసుకో. కోడ్, కొబ్బరినీళ్లు."

సాక్చీ బజారులో ఒక టూరు కంపెనీ కొత్తగా తెరిచారు. గోడలనిండా విశాఖపట్నం బొమ్మలే. రామకృష్ణా బీచ్, డాల్ఫిన్స్ నోస్, రుషికొండ ఇసుక, భీమిలి లైట్‌హౌస్. కొలిమి వేడిలో ఏళ్లకేళ్లు గడిపిన తెలుగు కుటుంబాలు ఆ నీలం రంగు చూసి గుమ్మం దాటలేకపోయేవి. పెద్దవాళ్లది ఆ పక్కే అయినా, పిల్లలు సముద్రమన్నది ఎరగరు మరి. సఫారీ సూటు తొడుక్కుని కౌంటరు దగ్గర తియ్యగా నవ్వే ఓనరు బంగార్రాజు విదేశీ ముఠా మనిషని ఎవరికి తెలుస్తుంది?

గైడు గౌరీదేవి. జార్జెట్ చీర, నల్లకళ్లద్దాలు, రేడియోలో వార్తలు చదివినట్టు మాట.

"అక్కడ కొబ్బరినీళ్లు తియ్యగా ఉంటాయా అమ్మా?" అన్నాడు హకీము.

"ఉప్పుగాలి తాగిన చెట్టు కదండీ, ఎందుకు తియ్యగా ఉండవు?" అందామె.

కోడ్ కలిసింది. ముఠా జీతం తింటూ మన దేశానికి పనిచేసే డబుల్ ఏజెంట్ ఆమె. ఇద్దరూ అదివరకు రెండు మిషన్లలో కలిసి పనిచేశారు. ఏ రోజూ ఒకరితో ఒకరు మనసు విప్పి చెప్పుకోలేదు గానీ, చెప్పుకోనంత మాత్రాన తెలియదా ఏమిటి? ఈ పని ముగిశాక భీమిలి తీసుకెళ్తానంది. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట తడి ఇసుక మీద నడిపిస్తానంది. ఆ మాట పట్టుకుని అతను బిస్టుపూర్‌లో కొత్త హవాయి చెప్పులు కొనుక్కున్నాడు, పిచ్చివాడు.

టూరు బండి కదిలే రోజు మధ్యాహ్నం మళ్లీ పెట్టె మోగింది. అవతల గౌరీదేవి. రేడియో తెలుగు ఎక్కడికి పోయిందో, భయంలో పుట్టినూరి మాట తన్నుకొచ్చింది.

"సరుకు గుంట దగ్గరుంది. బేగి రా."

లైను తెగిపోయింది.

బాగ్‌బేరాలో రైల్వే క్వార్టర్ల వెనక మట్టి తవ్వేసిన పెద్ద గుంట ఒకటుంది. ముఠా అందులో ఒకసారి సరుకు దాచిందని ఫైల్లో ఉండనే ఉంది. సీతారామరావు ఇంకేమీ ఆలోచించలేదు. ఉన్న మనుషులందరినీ జీపుల్లో ఎక్కించుకుని అక్కడికి పరుగెత్తాడు. తవ్వారు, తిరగేశారు. రాళ్లు, తుప్పు రేకులు తప్ప ఏమీ దొరకలేదు.

క్వార్టర్ల నుంచి దాలమ్మ అనే ముసలావిడ వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏటి బాబూ, ఇంతెండలో తవ్వుతన్నారు? ఏటి పోయిందేటి?"

సరుకు గుంట దగ్గరుందని తెలిసిందని, వెతుకుతున్నామని ఒగురుస్తూ చెప్పాడు. దాలమ్మ బుగ్గ నొక్కుకుంది.

"గుంట దగ్గరుందంటే గోతిలో ఎతుకుతన్నావా నాయనా? మా పక్క గుంటంటే ఆడపిల్ల."

సీతారామరావు పార అవతల పడేశాడు.

ఆవిడ మాత్రం తన ధోరణిలో చెప్పుకుపోతోంది. తన మనవరాలు అమ్మణ్ణి ఈవేళే కొడుకూ కోడలితో టూరు బండెక్కిందట. ఆ బండిలో ఆడపిల్ల అదొక్కర్తేనట. కంపెనీ ఆయన దానికి కంటికి పెట్టుకుని బొమ్మలు చూసే డబ్బా ఉత్తినే ఇచ్చాడట. విశాఖపట్నం సముద్రమంతా అందులోనే ఉందట.

జీపు టాటానగర్ స్టేషన్‌కి ఎలా చేరిందో సీతారామరావుకే తెలియదు. ప్లాట్‌ఫారం బెంచీ మీద గౌరీదేవి నల్లకళ్లద్దాలతో కూర్చుని ఉంది, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు. మణికట్టు మీద సూది గాటు. చుట్టూ నీలం. పిల్ల దగ్గర్నుంచి డబ్బా తీసుకోబోతే బంగార్రాజు పెన్నులోంచి విషసూది దిగింది.

"ఎక్కడికెలిపోనావు?" అంది.

"గుంట దగ్గరికి."

అర్థమైంది ఆమెకి. పెదవులు నవ్వినట్టే కదిలాయి. "మా భీమిలి మాట... నా నోటికి అప్పుడే రావాలా."

బండి కూత వేసింది. అతను ఆమె చెయ్యి వదల్లేదు. వదిలించింది ఆమే.

"ఎక్కు."

ఎక్కాడు. ఆఖరి పెట్టె ప్లాట్‌ఫారం దాటబోతుండగా కమ్మీ అందింది. పెట్టెలు దాటుకుంటూ వెళ్లేసరికి బంగార్రాజు అమ్మణ్ణి చేతిలోంచి డబ్బా లాక్కుని కిటికీలోంచి విసరబోతున్నాడు. బయట పట్టాల పక్కన మోటార్‌సైకిల్ మీద మరొకడు చెయ్యి చాచి ఉన్నాడు. సీతారామరావు బంగార్రాజు చెయ్యి పట్టి విరిచాడు. తర్వాతి స్టేషన్లో పోలీసులు బంగార్రాజుని దించుకుపోయారు.

డబ్బాలో బొమ్మల చక్రాలు చాలా ఉన్నాయి. మైక్రోఫిల్మ్ అతికించినది ఒక్కటే తీసుకుని మిగతావి పిల్లకి తిరిగిచ్చాడు. అది కళ్లు తుడుచుకుని అన్నీ తిప్పి చూసుకుంది.

"అంకల్, భీమిలీ వాలా కహాఁ గయా?"

పిల్ల ఏదని అడుగుతున్న భీమిలి చక్రమే అతని జేబులో ఉంది. ఎదురు బండి పట్టుకుని టాటానగర్ వచ్చేసరికి బెంచీ ఖాళీ. ఎవరో కడిగారు కూడా.

ఛీఫ్ ఫోన్లో మెచ్చుకున్నాడు. కొన్నాళ్లు సెలవిస్తాను, ఏదైనా మంచి బీచ్‌కి వెళ్లి రమ్మన్నాడు.

"సెలవొద్దు సార్. సముద్రం లేని ఊరికి పోస్టింగ్ ఇప్పించండి."



"నువ్వున్నది అలాంటి ఊళ్లోనే కదయ్యా," అన్నాడు ఛీఫ్.